నాగలింగం మాను జోలికి పోకండి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

నాగలింగం చెట్టు గురించి మాట్లాడమని పిలిచారు. కొందరు నాగమల్లి అంటారు, కొందరు కానన్‌బాల్ ట్రీ అంటారు. మీలో చాలామంది ఎక్కడో ఒకచోట ఈ పువ్వు చూసే ఉంటారు. ఇంట్లో పెంచుదామని అనుకుంటున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. మంచిది. ఇప్పటికే మొక్క నాటినవాళ్ళు? ఉన్నారు, కొద్దిమందే అయినా ఉన్నారు. అయితే అసలు మాట ముందే చెప్పేస్తాను. మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ చెట్టు మాను జోలికి పోకండి. కత్తి పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నాను? ఈ చెట్టు కొమ్మల చివర పూయదు. ఆకుల మధ్య పూయదు. మాను మీద పూస్తుంది. బెరడులోంచి సన్నటి పుల్లలు బయటికి వస్తాయి. మొదట్లో వాటిని చూస్తే పూలకొమ్మలని ఎవరూ అనుకోరు. ఎండిపోయినట్టు, గోధుమరంగులో, ఒకదానిలో ఒకటి చిక్కుపడి వేలాడుతుంటాయి. చెట్టుకి ఏదో పట్టింది, ఏదో తీగ అల్లుకుంది అనిపిస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? తోట శుభ్రంగా ఉండాలి కదా అని మాను మీద ఉన్నదంతా నరికేసి, నున్నగా చేసి, కింద సున్నం కూడా వేస్తారు. ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి పెంచిన చెట్టు, రేపో మాపో పూయబోతున్న చెట్టు. ఒక్క పూటలో దాని పూతంతా చెత్తకుప్పలోకి పోతుంది. మళ్ళీ వాళ్ళే అడుగుతారు, మా చెట్టు ఇన్నేళ్ళయినా పూయడం లేదేంటండీ అని.

ఇలాంటి చెట్లు నేను చూశాను. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఎక్కడ మాట్లాడినా దీంతోనే మొదలుపెడతాను.

ఆ పుల్లలు ఒక్క ఏడాదికే పనికొచ్చేవి కావు. ఒక్కో పూలకొమ్మ పొడుగు పెరుగుతూ పోతుంది. మొదట్లో ఉన్న మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, చివర కొత్త మొగ్గలు వస్తుంటాయి. ముదురు చెట్ల మీద కొన్ని కొమ్మలు బాగా పొడుగ్గా వేలాడుతాయి. కాయ నిలబడితే దాన్ని మోసేది కూడా ఆ కొమ్మే. కాబట్టి కాస్త చింపిరిగా కనిపించినా సరే, ఉండనివ్వండి. ఈ చెట్టు అందం ఆ చింపిరితనంలోనే ఉంది.

మాను మీద పూయడం వింతేమీ కాదు. పనస ఉంది, మేడి ఉంది, చాక్లెట్ చేసే కోకో ఉంది. అన్నీ మాను మీదా, లావుపాటి కొమ్మల మీదా కాసేవే. బెరడు కింద మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి, సమయం వచ్చినప్పుడు బెరడు చీల్చుకుని వస్తాయి. అడవిలో పైనంతా ఆకుల కప్పు దట్టంగా ఉంటుంది, కింద మాను చుట్టూ మాత్రం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పూస్తే తుమ్మెదలకి దారి సులువు. పైగా బరువైన కాయని సన్నటి కొమ్మ చివర మోయడం కుదరదు, మానుకయితే ఒక లెక్క కాదు.

ఇక పువ్వు సంగతి. మీరు చూసే ఉంటారు అన్నాను కానీ, చేతిలోకి తీసుకుని నిదానంగా చూశారా? ఈసారి తప్పకుండా చూడండి. ఆరు రేకులుంటాయి. మందంగా, కండ పట్టినట్టు ఉంటాయి. లోపలివైపు ఎరుపు కలిసిన గులాబీరంగు, వెలుపల లేత పసుపు ఛాయ. మధ్యలో గుండ్రటి దిమ్మ, దాని చుట్టూ పొట్టి పొట్టి కేసరాలు వలయంలా నిలబడి ఉంటాయి. ఆ దిమ్మకి ఒక పక్క నుంచి వెడల్పాటి నాలుక ఒకటి లేచి, వంగి, నాగుపాము పడగలా పైన గొడుగు పడుతుంది. ఆ పడగ కొసన మళ్ళీ ఇంకో రకం కేసరాలు, పొడవుగా, గులాబీ రంగులో, చివర పసుపుతో. అంటే ఒకే పువ్వులో రెండు రకాల కేసరాలు. ఎందుకు రెండు రకాలు? ఒకటి చాలదా?

ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కాస్త ఓపిక పట్టండి. ఈ పువ్వులో తేనె లేదు. అంత సువాసన, అంత రంగు, ఒక్క చుక్క తేనె లేదు. మరి తుమ్మెద ఎందుకు రావాలి? పుప్పొడి కోసం వస్తుంది. పడగ మీద ఉన్న కేసరాల పుప్పొడి తుమ్మెద తిండి కోసమే. దాంతో విత్తనం కట్టదు. కింద వలయంలో ఉన్న కేసరాల పుప్పొడితోనే విత్తనం కడుతుంది. తుమ్మెద తిండి కోసం పడగకీ దిమ్మకీ మధ్య సందులో దూరుతుంది. దూరి ఏరుకుంటున్నంతసేపూ కింది పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది. ఇంకో పువ్వు దగ్గరికి వెళ్ళి అక్కడ వదులుతుంది. తిండికి ఒక పుప్పొడి, సంతానానికి ఇంకొకటి. దేని పని దానిది. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన స్కాట్ మోరీ, గిలియన్ ప్రాన్స్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఈ చెట్టు కుటుంబం మీద దశాబ్దాల తరబడి పరిశోధన చేశారు. మనం తినే బ్రెజిల్ నట్ చెట్టు కూడా ఈ కుటుంబమే.

తోటలో దీనికి పెద్ద నేస్తాలు నల్ల తుమ్మెదలు. ఎండిన కర్రని తొలిచి గూడు పెట్టుకునే పెద్ద తుమ్మెదలు, మీకు తెలుసు. వాటిని చూసి భయపడి మందు కొట్టకండి. పూలున్న చెట్టు మీద పురుగుమందు కొట్టడం అసలే వద్దు.

పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, వాసన రాత్రీ, తెల్లవారుజామునా బాగా ఘాటుగా ఉంటుంది. మర్నాటికి రేకులు రాలిపోతాయి. పోతేపోనీ, మర్నాడు మళ్ళీ కొత్తవి వస్తాయి. చూడాలంటే పొద్దున్నే లేచి వెళ్ళండి. పది గంటలకి వెళ్ళి వాసనేం లేదే అనకండి.

సరే, పెంపకంలోకి వద్దాం. ముందు స్థలం. అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే, నాటాక మార్చలేని నిర్ణయం కూడా ఇదే.

ఈ చెట్టు పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వేడి అడవులు. ఫ్రెంచ్ గయానాలో తిరిగి అక్కడి మొక్కల గురించి రాసిన ఓబ్లే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త 1775లో దీనికి కౌరూపీట గయానెన్సిస్ అని పేరు పెట్టాడు. అడవిలో ఇది 35 మీటర్ల దాకా పెరగగలదు. తోటల్లో అంత ఎత్తు రాకపోవచ్చు. కానీ పెద్ద చెట్టు, అందులో అనుమానం లేదు. కాయ పెద్ద బంతి అంత ఉంటుంది, 25 సెంటీమీటర్ల దాకా అడ్డుకొలత, చెక్కలాంటి గట్టి పెంకు. ఒక్క చెట్టుకి 150 కాయలు కూడా ఉండవచ్చు. అవి ఎక్కడ పడతాయి? ఇది ఇప్పుడే ఆలోచించుకోవాలి. నాటే రోజున మోకాలెత్తు మొక్కని చూసి ఎవరికీ ఆ ఆలోచన రాదు.

అందుకని నడిచే దారి పక్కన వద్దు. కారు నిలిపే చోట వద్దు. పిల్లలు ఆడుకునే చోట వద్దు. కూర్చునే బల్ల దాని కింద వేయకండి. ఇంటి గోడకి కనీసం పది మీటర్ల దూరం ఉండాలని నేనంటాను, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. పైన కరెంటు తీగలు లేకుండా చూసుకోండి. తీగలకి అడ్డొస్తే తల నరుకుతారు, తల నరికిన చెట్టు వంకరటింకరగా పెరుగుతుంది. మరి పూలు చూడాలి కదా, దూరంగా నాటితే ఎలా అంటారా? చుట్టూ గడ్డి వదిలి, చూడాలనుకున్నప్పుడు దగ్గరికి నడిచి వెళ్ళేలా పెట్టుకోండి. దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకసారి తలెత్తి పైన ఏ కాయ ఉందో చూసుకోండి.

ఎండ కావాలి. చిన్నప్పుడు కొంత నీడ ఓర్చుకుంటుంది, మండు వేసవిలో లేత మొక్కకి మధ్యాహ్నం కాస్త నీడ ఇస్తే మేలు కూడా. పెద్దయ్యాక పూర్తి ఎండ ఉంటేనే పూత నిండుగా వస్తుంది. మంచు గడ్డకట్టే చలిని తట్టుకోలేదు, చిన్న మొక్క అయితే చచ్చిపోతుంది. నేల లోతుగా, సేంద్రియ పదార్థంతో, నీరు ఇంకిపోయేలా ఉండాలి. అది తేమ అడవి చెట్టు, కాబట్టి తేమ ఇష్టం. కానీ తేమ వేరు, నీళ్ళు నిలవడం వేరు. రోజుల తరబడి వేరు చుట్టూ నీళ్ళు నిలిస్తే లేత మొక్క వేరు కుళ్ళుతుంది.

మొక్క కొనేటప్పుడు ఒక జాగ్రత్త. నాగలింగం అడిగితే నాగకేసరం చేతిలో పెట్టేవాళ్ళున్నారు. నాగకేసరం మంచి చెట్టే, కానీ అది వేరు. దాని ఆకులు సన్నగా, కోలగా ఉంటాయి, చిగురు ఎర్రగా వస్తుంది, తెల్లటి నాలుగు రేకుల పూలు కొమ్మల మీద పూస్తాయి. నాగలింగం ఆకులు పెద్దవి. మామూలుగా 8 నుంచి 31 సెంటీమీటర్ల పొడుగు, ఒక్కోసారి ఇంకా పెద్దవి, కొమ్మ చివర గుత్తిగా ఉంటాయి. ఆకు చూసి తీసుకోండి. కుండీ అడుగు కూడా చూడండి. వేళ్ళు కుండీలో గుండ్రంగా సుడులు తిరిగిపోయిన మొక్క వద్దు. ఎంత పొడుగున్నా వద్దు. చిన్న మొక్క, శుభ్రమైన వేళ్ళు, అదే నయం.

విత్తనంతో పెంచుతానంటారా? పెంచండి, కష్టమేమీ కాదు, ముక్కు మూసుకోవాలంతే. పండు తయారవడానికి దాదాపు ఏడాది పడుతుంది, కొన్నిచోట్ల ఏడాదిన్నర కూడా. చెట్టు మీదనుంచి కోయకండి, దానంతట అది రాలినదే తీసుకోండి. పగలగొడితే లోపల గుజ్జు తెల్లగా ఉంటుంది, గాలి తగలగానే చూస్తుండగానే నీలిపచ్చగా మారుతుంది. వాసన మాత్రం భరించడం కష్టం. ఈ పువ్వుకీ ఆ పండుకీ సంబంధం ఉందంటే నమ్మలేం. ఆరుబయట పగలగొట్టండి, చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

ఒక కాయలో 65 గింజలుండొచ్చు, పెద్ద కాయ అయితే 550 దాకా ఉండొచ్చు. గింజ మీద సన్నటి నూగు ఉంటుంది. అడవిలో పెకారీ అనే పందిజాతి జంతువులు పడిన కాయల్ని పగలగొట్టి తింటాయి. వాటి కడుపులో గింజ అరిగిపోకుండా ఈ నూగు కాపాడుతుందని అంటారు. మన పని ఏమిటంటే, గుజ్జు పోయేదాకా గింజల్ని నీళ్ళలో బాగా కడగాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. కడిగినవాటిని ఆలస్యం చేయకుండా తాజాగా వేసేయండి. ఎండబెట్టి డబ్బాలో దాచి, వచ్చే ఏడాది వేద్దామనుకోకండి. కొబ్బరిపొట్టు, ఇసుక, చివికిన ఎరువు కలిపిన మిశ్రమంలో పైపైన నాటి, పల్చగా కప్పి, తడి ఆరకుండా, వెచ్చగా, నీడలో ఉంచితే కొన్ని వారాల్లో మొలకలు వస్తాయి. మొలక వచ్చాక నత్తల మీద ఒక కన్నేసి ఉంచండి.

నాటడం గురించి పెద్దగా చెప్పను, మీకందరికీ తెలిసిందే. గుంత వెడల్పుగా తీయండి, వానలు మొదలయ్యాక నాటండి, కుండీలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలో కూడా అదే మట్టానికి ఉండాలి. మొదలు పూడిపోకూడదు. పాదు చేసి ఎండుటాకులు పరవండి, కానీ ఆకులు మొదలుకి ఆనకుండా జానెడు ఖాళీ వదలండి. అక్కడ తడి నిలిస్తే బెరడు కుళ్ళుతుంది. ఈ చెట్టుకి బెరడే ప్రాణమని ఇందాకే చెప్పుకున్నాం. ఊతకర్ర కడితే మెత్తటి గుడ్డతో, వదులుగా కట్టండి. ఏడాది తర్వాత విప్పేయడం మరిచిపోకండి. కట్టు అలాగే ఉండిపోయి, మానులోకి దిగబడిపోయిన చెట్లు ఎన్నో ఉన్నాయి.

మొదటి రెండు మూడేళ్ళు వేసవిలో నీళ్ళు తప్పనిసరి. రోజూ కాసిని చిలకరించడం కాదు, వారంలో రెండు మూడుసార్లు లోతుగా ఇంకేలా పోయండి. తర్వాత అదే నిలదొక్కుకుంటుంది. అయినా తీవ్రమైన ఎండల్లో పెద్ద చెట్టుకి కూడా ఎప్పుడైనా ఒక తడి ఇస్తే సంతోషిస్తుంది.

ఇప్పుడు అందరినీ టెన్షన్ పెట్టే విషయం. ఒకరోజు చూస్తే ఆకులన్నీ పసుపెక్కి ఉంటాయి. రెండు మూడు రోజుల్లో చెట్టు మోడు. ఒక్క ఆకు లేదు. ఏమైంది? చచ్చిపోయిందా? కంగారుపడి బిందెలకి బిందెలు నీళ్ళు పోస్తారు, యూరియా చల్లుతారు, ఎవరో చెప్పిన మందు తెచ్చి పోస్తారు. వద్దు. ఏమీ చేయకండి. అది దాని స్వభావం. ఆకులన్నీ ఒక్కసారే రాల్చి, వారం పది రోజుల్లో మళ్ళీ నిండుగా చిగురిస్తుంది. ఏడాదికి ఒకసారికంటే ఎక్కువ కూడా ఇలా చేయవచ్చు. అనుమానంగా ఉంటే చిన్న రెమ్మ కొసని గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉందా? అయితే నిశ్చింతగా ఉండండి. రెమ్మ కొసనే గీరండి, మానుని కాదు. ఇంకోసారి చెబుతున్నానని విసుక్కోకండి, మానుని మాత్రం వద్దు.

మానుతో చేయకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. లైట్లు బిగించడానికి మేకులు కొట్టకండి. మనీప్లాంటు పాకించకండి, అది బెరడంతా కప్పేస్తుంది, పూలకొమ్మకి చోటుండదు. ఉయ్యాల తాడు కట్టకండి. గడ్డి కోసే మిషన్ మొదలుకి తగలనివ్వకండి. తోటపని చేసే మనిషి కొత్తగా వస్తే, మొదటిరోజే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఈ పుల్లలు కోయొద్దని చూపించి చెప్పండి. మీరు ఊళ్ళో లేనప్పుడే ఇలాంటివి జరుగుతాయి.

పూతకి ఎన్నేళ్ళు పడుతుంది? మీరు అడగబోతున్నారని తెలుసు. విత్తనం నుంచి అయితే పదేళ్ళ లెక్క పెట్టుకోండి. ముందే పూస్తే సంతోషం. ఇంత ఆలస్యమా అని కొందరు అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం ఆగొద్దంటాను. పదేళ్ళు ఎలాగూ గడుస్తాయి, చెట్టు నాటినా నాటకపోయినా. నాటితే ఆ పదో ఏడు మీ దగ్గర నాగలింగం ఉంటుంది.

ముందు వరసలో అమ్మ అడుగుతున్నారు, డాబా మీద పెద్ద కుండీలో పెంచొచ్చా అని. లేదమ్మా. కొన్నేళ్ళు బతుకుతుంది, ఆకులు వేస్తుంది, కానీ పూయాలంటే మాను లావెక్కాలి, దానికి నేల కావాలి. కుండీలో పెట్టి దాన్నీ మిమ్మల్నీ ఇబ్బంది పెట్టుకోవద్దు.

చిన్న పెరడు ఉంది, ఇలాంటిదే ఇంకేమైనా చెప్పండి అంటున్నారు. ఉన్నాయి. గస్టావియా ఆగస్టా అని ఇదే కుటుంబంలోది, చిన్న చెట్టు, పెద్ద తెల్లటి గులాబీ ఛాయ పూలు, మధ్యలో ఒత్తుగా కేసరాలు. కాయలు మీద పడతాయన్న భయం లేదు. ఇంకొకటి బారింగ్టోనియా. పొడుగాటి దండల్లాంటి గుత్తులు కిందికి వేలాడుతాయి, రాత్రిపూట పూసి పొద్దున్నకి నేలంతా పరిచేస్తుంది. మీ నేలలో నీళ్ళు నిలుస్తాయా? అయితే నాగలింగం కంటే బారింగ్టోనియా అకుటాంగులా మీకు సరిపోతుంది, అది చిత్తడి నేలని ఓర్చుకునే చెట్టు.

ఆ పక్కన ఉన్న బాబుగారి ప్రశ్న, ఇప్పటికే చెట్టు దారి పక్కన ఉంది, పూస్తోంది, ఇప్పుడేం చేయాలి అని. చాలామందికి పనికొచ్చే ప్రశ్న. కొట్టేయకండి. వీలైతే దారిని జరపండి, చెట్టుకంటే దారిని జరపడం తేలిక. వీలుకాకపోతే, పువ్వు రాలాక కాయ కట్టి నిమ్మకాయంత ఉన్నప్పుడే, దారివైపు ఉన్న పిందెల్ని తొడిమ దగ్గర కత్తిరించేయండి. పిందె వరకే. అది వేలాడుతున్న కొమ్మని వదిలేయండి, ఆ కొమ్మకే మళ్ళీ మొగ్గలొస్తాయి. నెలకోసారి మాను చుట్టూ తిరిగి చూసుకుంటే చాలు. ఎత్తులో ఉన్నవి అందకపోతే పొడుగు కర్రకి కట్టిన కత్తెర వాడండి, నిచ్చెన వేసి పూలకొమ్మల మీద ఆనించకండి. అటువైపు, దారి లేని వైపు నాలుగైదు కాయలు మాత్రం పండనివ్వండి. వాటి గింజలతో మొలిచిన మొక్కలు చోటున్నవాళ్ళకి ఇవ్వొచ్చు. ఇందాక చేతులెత్తినవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళ పేర్లు రాసుకుని వెళ్ళండి.